నేలసంపెంగల దాహం

మసీదులో మధ్యాహ్నం నగారా మోగేసరికి దానూ కంచం ముందేసుకుని సిద్ధంగా కూర్చున్నాడు. వాడికి ఏడేళ్ళు. రంజాన్ నెలలో ఆ ఈడు పిల్లలది నగారా ఉపవాసం. తెల్లవారకముందే లేచి పెద్దవాళ్ళతో పాటు తింటారు. మధ్యాహ్నం నగారా మోగగానే మళ్ళీ తింటారు. సాయంత్రం ఇఫ్తార్‌లో అందరికంటే ముందు కూర్చుని, పొద్దుటి నుంచీ మాడిపోయినవాళ్ళలా ముఖం పెడతారు.

"అక్కా, ఒక్క ముక్క కావాలా?" అంటూ వాడు వేయించిన సోయాగింజల టెంపే ముక్కను వెనింగ్ ముక్కు దగ్గర అటూ ఇటూ తిప్పాడు.

"చిన్నపిల్లలు తినాలి. నువ్వు తిను" అంది వెనింగ్ పెద్ద ఆరిందాలా.

వెనింగ్‌కు పదేళ్ళు నిండాయి. ఈసారి పొద్దు వాలేదాకా పూర్తి ఉపవాసం ఉంటానని ఇంట్లో చెప్పింది, వీధిలో చెప్పింది, స్కూల్లో టీచరుగారు అడక్కుండానే చెప్పింది. నెలంతా నెగ్గుకొస్తే చీకట్లో ముళ్ళు మెరిసే చేతి గడియారం కొనిస్తానని నాన్న మాటిచ్చాడు. ఇంతమందికి చెప్పుకున్నాక ఇక వెనక్కి తగ్గడం ఎలా?

"ఏదీ, నాలుక చూపించు" అన్నాడు దానూ.

రంజాన్ నెలలో ఆ ఊరి పిల్లల పోలీసు తనిఖీ అదే. నాలుక తెల్లగా, పొడిగా ఉంటే ఉపవాసం ఉన్నట్టు. తడిగా, ఎర్రగా ఉంటే దొంగ దొరికినట్టు. వెనింగ్ బారెడు నాలుక చాపింది. తెల్లగానే ఉంది. దానూ నిరాశగా తన కంచం వైపు తిరిగాడు.

అంతలో పెరటి అరుగు మీంచి అమ్మమ్మ పిలిచింది.

అమ్మమ్మ పేరు తర్వి. కానీ ఆ వీధిలో అందరూ ఆమెను పూల అవ్వ అనే అంటారు. ఊరి చుట్టూ పొలాల్లో ఎటు చూసినా నేలసంపెంగలే. అవి లారీలెక్కి సురబాయా పట్నం వెళ్ళిపోయే పూలు. అమ్మమ్మవి మాత్రం పెరట్లో మూడే మూడు మళ్ళు. ఎప్పుడో వాళ్ళమ్మ ఇచ్చిన దుంపలవి. ఏటేటా తవ్వి తీసి, పిల్ల దుంపలను విడదీసి, నీడలో ఆరబెట్టి, మళ్ళీ నాటుకుంటూ ఇన్నేళ్ళుగా కాపాడుకొచ్చింది.

ఆ పూల అందం చెప్పడం కష్టం, చూడాల్సిందే. నిటారుగా లేచిన ఆకుపచ్చని కాడ మీద మొగ్గలు జంటలు జంటలుగా కూర్చుంటాయి. మొగ్గల కొసలకు లేత గులాబీ రంగు. అన్నీ ఒకేసారి తొందరపడి విచ్చుకోవు. కింది జంట ముందు, ఆ పైది తర్వాత, ఆ పైది ఇంకా తర్వాత. పగలంతా ఏమీ ఎరగనట్టు ఊరుకుంటాయి. వీధి దీపాలు వెలిగే వేళకు ఘుమఘుమలాడతాయి. అందుకే వాటిని అక్కడ సెడాప్ మలామ్ అంటారు, రాత్రికి కమ్మదనం అని. సాయంత్రం నమాజుకు సైకిళ్ళ మీద వెళ్ళేవాళ్ళు అమ్మమ్మ ఇంటి దగ్గరికి రాగానే తొక్కడం ఆపేసి, సైకిలు దానంతటది ఎంత దూరం పోతే అంత దూరం పోనిస్తారు.

రంజాన్ నెల ముగిశాక వచ్చే లెబరాన్ పండగ నాడు ఆ పూలకూజా లేని ముందుగది ఉండదు. పండగ ముందురోజు బజారులో వాటి ధర చెట్టెక్కి కూర్చుంటుంది. ఆ వీధివాళ్ళకు మాత్రం ఆ బెంగ లేదు. ముందురోజు సాయంత్రం తలో సీసా పట్టుకుని పూల అవ్వ దగ్గరికి వస్తారు. ఆమె ఇంటికో కాడ కోసిస్తుంది. డబ్బు మాటెత్తితే కోప్పడుతుంది. ఆమెది చల్లని చెయ్యి అనీ, ఆ చేత్తో ఎండుపుల్లను గుచ్చినా చిగురేస్తుందనీ ఊరంతా చెప్పుకునేవాళ్ళు. ఆ మాట విన్నప్పుడల్లా అమ్మమ్మ పైకి విసుక్కునేది. లోపల ఎంత మురిసిపోయేదో వెనింగ్‌కు తెలుసు.

ఈ ఏడాది ఆమె మోకాలు బాగా వాచింది. కింద కూర్చోకూడదని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. మళ్ళలో అప్పుడే కాడలు లేస్తున్నాయి. పండగకు సరిగ్గా పూసేటట్టు లెక్క చూసి నాటిన దుంపలాయె. అందుకే వెనింగ్‌ను పిలిచి తన కొబ్బరిచిప్పను ఆమె చేతిలో పెట్టింది. వెదురు పిడి వేసిన చిప్ప అది. దానితో తప్ప దేనితోనూ అమ్మమ్మ ఆ మొక్కలకు నీళ్ళు పోసేది కాదు.

"చూడు తల్లీ, ముందు నీ వేలు మట్టిలో దించు. రెండో కణుపు దాకా దించాలి. లోపల పొడిగా ఉంటే దుబ్బుకి ఒక చిప్ప పొయ్యి. చెమ్మ తగిలిందా, చిప్ప గోలెంలో పడేసి వచ్చెయ్. నీళ్ళెక్కువైతే దుంప కుళ్ళిపోద్ది. నీకు జాలేసినా సరే పొయ్యకు" అంది.

వెనింగ్ వేలు దించి చూపించింది. పైన మట్టి వేడిగా ఉన్నా లోపల చల్లగా, మెత్తగా తగిలింది. అమ్మమ్మ తలాడించింది. ఆ రోజు నీళ్ళు పోయలేదు.

మొదటి వారం వెనింగ్ చెప్పినదంతా చెప్పినట్టే చేసింది. కాడలు ఆమె మోకాళ్ళు దాటాయి, నడుము దాకా వచ్చాయి. అరుగు మీద కుర్చీలో కూర్చుని అమ్మమ్మ వాటిని చూసుకుంటూ ఉండేది. వెనింగ్ కూడా రోజూ వాటి పక్కన నిలబడి తను పొడుగా, అవి పొడుగా అని కొలుచుకునేది.

రెండో వారంలో ఎండలు ముదిరాయి. ఒకరోజు స్కూలు నుంచి నడిచి వచ్చేసరికి వెనింగ్ గొంతు తడారిపోయింది. వంటింట్లో అమ్మ పండగ ఆర్డర్లకు అనాస జామ్ బిస్కెట్లు కాలుస్తోంది. ఆ వాసన భరించలేక వెనింగ్ పెరట్లోకి వచ్చింది. బావి పక్కన జామచెట్టు నీడలో మట్టి గోలెం నిండుగా ఉంది. గోలెం బయటంతా చెమటలు పట్టి ఉంది. లోపల నీళ్ళు నల్లగా, నిశ్చలంగా ఉన్నాయి. చిప్ప ముంచితే గుబుక్కున శబ్దం వచ్చింది. ఆ శబ్దానికే ఆమెకు సగం ప్రాణం లేచొచ్చింది.

అటూ ఇటూ చూసింది. అమ్మమ్మ లోపల కునుకు తీస్తోంది. ఒక్క గుక్క తాగితే ఏమవుతుంది అనుకుంది. ఒక్క గుక్కతో ఆగుతుందా? చిప్పెడు నీళ్ళూ తాగేసింది. ఆ నీళ్ళు గొంతులోంచి కడుపులోకి దిగుతుంటే ఎక్కడెక్కడికి చేరుతున్నాయో తెలిసింది.

సరిగ్గా అప్పుడే దానూ గుమ్మంలోకి వచ్చాడు. వెనింగ్ గబుక్కున చిప్ప మళ్ళీ ముంచి దగ్గరున్న మొక్క మొదట్లో పోసింది.

"నీళ్ళు పోస్తున్నా, కనపడట్లేదా?" అంది వాడు అడక్కముందే. వాడు నాలుక చూపించమంటాడేమోనని అటు తిరిగి తల ముసుగు అంచుతో నాలుకను గట్టిగా తుడుచుకుంది. తుడిస్తే మళ్ళీ తెల్లగా అవుతుందని ఆ రోజే కనిపెట్టింది.

మర్నాడు కూడా దాహమేసింది. ఆ మర్నాడు కూడా. గోలెం దగ్గర ఊరికే నిలబడితే ఎవరైనా అనుమానిస్తారు. చేతిలో చిప్పతో మళ్ళ మధ్య తిరుగుతుంటే ఎవరూ ఏమీ అనరు. కాబట్టి తనకొక చిప్ప, మొక్కలకు నాలుగు చిప్పలు. స్కూలు నుంచి రాగానే ఒకసారి, నమాజు వేళకు ఒకసారి, ఇఫ్తార్ ముందు మరోసారి. వేలు దించి చూడటం మానేసింది. చూస్తే చెమ్మ తగులుతుంది. చెమ్మ తగిలితే నీళ్ళు పోయకూడదు. పోయకపోతే గోలెం దగ్గర ఆమెకు పనేముంది?

అక్క ఎప్పుడు చూసినా తోటలోనే ఉంటోందని దానూ అమ్మమ్మకు చెప్పాడు. కలుపు తీస్తున్నానని వెనింగ్ ఠక్కున అందుకుంది. ఆ మాట విని అమ్మమ్మ ముఖం వెలిగిపోయింది. సాయంత్రం ఇఫ్తార్‌లో అమ్మ కొబ్బరిపాల పాయసం వడ్డిస్తుంటే, పూర్తి ఉపవాసంలో కూడా నా పూలకు ఇంత చాకిరీ చేస్తోంది, దీనికి ఇంకో గరిటె వెయ్యండి అంది. వెనింగ్ ఆ గరిటెడూ తలొంచుకుని తింది.

ఆ వారంలోనే రెండు పెద్ద వానలు కూడా పడ్డాయి.

ముందు ఆకుల కొసలు పచ్చబడ్డాయి. తర్వాత ఒక కాడ పక్కకు వాలింది. దాని పక్కది కూడా వాలింది. వెనింగ్ వెదురుపుల్లలు గుచ్చి వాటిని నిలబెట్టింది. పొద్దున లేచి చూస్తే ఇంకో నాలుగు వాలి ఉన్నాయి. విచ్చుకోవాల్సిన మొగ్గలు గోధుమరంగుకు తిరిగి రాలిపోతున్నాయి.

అమ్మమ్మ కర్ర ఊతంతో మెట్లు దిగింది. వద్దని అమ్మ వారిస్తున్నా వినకుండా మడి పక్కన చతికిలపడింది. ఒక దుబ్బును పట్టుకుని మెల్లగా లాగింది. పెద్ద బలం అక్కర్లేకుండానే అది చేతికొచ్చేసింది. దుంప అడుగంతా మెత్తబడి నల్లగా ఉంది. ముక్కు మూసుకునేంత కంపు. అంత మంచి వాసన వేసే మొక్క కింద అలాంటి కంపు ఉంటుందని వెనింగ్ ఎన్నడూ అనుకోలేదు.

"నీళ్ళు ఎన్ని పోస్తున్నావే తల్లీ?"

"నువ్వు చెప్పినన్నే అమ్మమ్మా. దుబ్బుకి ఒక చిప్ప."

"వేలు పెట్టి చూశాకేగా?"

"ఆఁ" అంది వెనింగ్. ఆ ఒక్క అక్షరం పలకడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

అమ్మమ్మ ఇంకేమీ అడగలేదు. మనవరాలు చెప్పిందంటే ఆమెకు అదే సాక్ష్యం. మట్టిని గుప్పిట్లోకి తీసుకుని పిసికి చూసింది. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారాయి.

"అయితే తప్పు నాదే. మోకాలి నొప్పికి ఓర్చుకోలేక ఈసారి మడి ఎత్తుగా కట్టలేదు. వాన నీళ్ళు పోయే దారి కూడా సరిగ్గా తియ్యలేదేమో" అంది. తన అరచేతిని తిప్పి చూసుకుంది. "ఈ చేతిలో చలవ అయిపోయినట్టుంది" అంది మెల్లగా.

వెనింగ్ నోరు తెరిచింది.  చెప్తే నీళ్ళ సంగతి చెప్పాలి. నీళ్ళ సంగతి చెప్తే ఉపవాసం సంగతి బయటపడుతుంది. స్కూలంతా, వీధంతా నవ్వుతారు. గడియారం పోతుంది. ఆమె నోరు మూసుకుంది.

ఆ రోజు నుంచి గోలెం వైపు వెళ్ళలేదు. మిగిలిన ఉపవాసాలన్నీ నిజంగానే ఉంది. గొంతు ఎండిపోయినా ఒక్క చుక్క ముట్టలేదు. అలా ఉంటే జరిగిందంతా ఎలాగోలా సర్దుకుంటుందని ఆమె ఆశ. కుళ్ళిన దుంపలకు ఆ సంగతి ఏం తెలుసు? ఒక్క కాడ కూడా మళ్ళీ లేవలేదు.

అమ్మమ్మ మూడు మళ్ళూ తవ్వించేసింది. అన్నిట్లో ఏరగా ఏరగా గట్టి దుంపలు ఒక బుట్టెడు మిగిలాయి. వాటిని అరుగు మీద ఆరబెట్టింది. పండగ వెళ్ళాక పక్క వీధి సుర్తికి ఇచ్చెయ్యమని అమ్మతో చెప్పింది. సుర్తి వయసులో ఉన్నదనీ, దాని చేతిలో ఇవి బతుకుతాయనీ, తన దగ్గర ఉంచుకుంటే ఇవి కూడా పోతాయనీ అంది. అమ్మ ఎంత బతిమాలినా ఆమె మాట మారలేదు.

పండగ ముందురోజు సాయంత్రం వీధివాళ్ళు సీసాలు పట్టుకుని రానే వచ్చారు. గుమ్మంలో కూర్చుని అమ్మమ్మ ఒక్కొక్కరికీ అదే మాట చెప్పింది. ఈ ఏడాది పూలు లేవు, నా చెయ్యి బాగోలేదు, ఏమీ అనుకోకండి. వాళ్ళు అయ్యో అన్నారు, మోకాలు ఎలా ఉందని అడిగారు, వెళ్ళిపోయారు. తలుపు వెనకాల నిలబడి వెనింగ్ అంతా వింది.

అందరికంటే ఆఖరున కర్సో తాత వచ్చాడు. ఆయన భార్య పోయి రెండేళ్ళయింది. ఆమె పండగకు పూలు పెట్టే బల్ల మీద, ఆమె పెట్టే చోటే, ఇప్పుడు ఆయన ఒక కాడ పెట్టుకుంటాడు. అమ్మమ్మ ఆయనకూ అదే మాట చెప్పింది.

"నీళ్ళు కూడా పోసుకొచ్చానే" అన్నాడు తన సీసా వైపు చూసుకుంటూ. తర్వాత నవ్వి, పర్వాలేదని చెయ్యి ఊపి, నీళ్ళు ఒలక్కుండా సీసాను రెండు చేతులతో పట్టుకుని మెల్లగా నడిచి వెళ్ళాడు. ఆ నీళ్ళ సీసా కనుమరుగయ్యేదాకా వెనింగ్ తలుపు సందులోంచి చూసింది.

తెల్లవారింది. మైదానంలో పండగ నమాజు అయింది. కొత్త బట్టల ఫెళఫెళలతో అందరూ ఇంటికొచ్చారు. ముందుగదిలో పేము కుర్చీలో అమ్మమ్మ కూర్చుంది. పక్కన బల్ల మీద కూజాలో రెండు నేలసంపెంగ కాడలున్నాయి. అమ్మ బజారులో గీచి గీచి బేరమాడి తెచ్చినవి. అమ్మమ్మ వాటిని దగ్గరికి లాక్కుని వాసన చూసింది.

"ఎంత బాగా పెంచారు. కాడ చూడు, ఎంత నిటారుగా ఉందో. ఎవరిదో చల్లని చెయ్యి" అంది మనస్ఫూర్తిగా. ఆ తర్వాత తన చేతులను ఒళ్ళో పెట్టేసుకుంది.

ఇక పెద్దల దగ్గర మన్నింపు అడిగే వేళ. చిన్నవాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని పెద్దల చేతులు కళ్ళకద్దుకోవాలి. కంటికి కనపడ్డ తప్పులూ, కడుపులో దాగిన తప్పులూ మన్నించమని అడగాలి. ఏటా అందరూ అనే మాటే అది. వెనింగ్ దాన్ని అయిదేళ్ళప్పుడే కంఠతా పట్టేసింది. నాన్న అన్నాడు. అమ్మ అంది, అంటూ కాస్త ఏడ్చింది కూడా. దానూ ఒక్క గుక్కలో అప్పజెప్పేసి బిస్కెట్ల డబ్బా వైపు పరుగెత్తాడు.

వెనింగ్ మోకాళ్ళ మీద కూర్చుంది. అమ్మమ్మ చేతులు అందుకుంది. గరుకుగా, వెచ్చగా ఉన్నాయి. ఇన్నేళ్ళ మట్టి గోళ్ళ అంచుల్లో ఉండిపోయింది.

"కంటికి కనపడ్డ తప్పులూ, కడుపులో దాగిన..." అంటూ ఆగిపోయింది.

అమ్మమ్మ ఎదురుచూసింది. మాట మరిచిపోయిందేమోనని అమ్మ వెనక నుంచి అందించబోయింది.

"నేను నీళ్ళు తాగాను" అంది వెనింగ్.

గదిలో ఎవరికీ అర్థం కాలేదు. ఆమె తలెత్తలేదు. తలెత్తితే చెప్పలేనని ఆమెకు తెలుసు. గోలెంలో నీళ్ళు తాగాననీ, ఒక్కరోజు కాదు చాలా రోజులు తాగాననీ, ఎవరికీ అనుమానం రాకుండా మొక్కలకు పోస్తూ నిలబడ్డాననీ, పోసిన చోటే మళ్ళీ మళ్ళీ పోశాననీ గబగబా చెప్పేసింది.

"వేలు పెట్టి చూడలేదు అమ్మమ్మా. నువ్వడిగితే చూశానని అబద్ధం చెప్పాను. మడి నువ్వు బాగానే కట్టావు. నీ చేతిలో చలవ పోలేదు. నేనే కుళ్ళబెట్టేశాను."

"నాలుక తెల్లగానే ఉండేదిగా" అన్నాడు దానూ నోటినిండా బిస్కెట్లతో. వాడు అందరికంటే ఎక్కువ దెబ్బ తిన్నట్టు కనిపించాడు.

"ముసుగు అంచుతో తుడుచుకునేదాన్ని" అంది వెనింగ్. అంటూనే భోరుమంది.

నాన్న ఏదో అనబోతే అమ్మమ్మ చెయ్యెత్తి ఆపింది. ఆ ఎత్తిన చేతిని దించకుండా అలాగే చూసుకుంది, ముందొకసారి, తిప్పి వెనకొకసారి.

"అయితే మట్టి నేను సరిగ్గానే వేశానంటావు?" అంది.

వెనింగ్ తలూపింది.

"నీళ్ళు పోయే దారి కూడా?"

"బాగానే తీశావు అమ్మమ్మా. నేను పోసిన నీళ్ళకి ఏ దారీ చాలదు."

అమ్మమ్మ పెదవులు వణికాయి. అది ఏడుపో నవ్వో ముందు తెలియలేదు. తర్వాత నవ్వే బయటికొచ్చింది. కానీ ఆ నవ్వు ఎక్కువసేపు లేదు.

"ఉపవాసం సంగతి నువ్వూ దేవుడూ చూసుకోండి. చిన్నపిల్లవి, ఆయన దాహం తెలిసినవాడే. కానీ ఇన్నాళ్ళూ నేను నా చేతిని తిట్టుకుంటూ పడుకున్నాను తల్లీ. పక్కగదిలోనే ఉండి నువ్వు తెల్సీ ఊరుకున్నావు. నాకు పూలు పోయినదానికంటే అదే కష్టంగా ఉంది" అంది.

ఆ మాట తిట్టులా లేదు. అందుకే వెనింగ్‌కు ఇంకా గట్టిగా తగిలింది. అమ్మమ్మ ఒళ్ళో ముఖం దాచుకుని ఈసారి మొత్తం మాట పలికింది, కంటికి కనపడ్డవీ, కడుపులో దాగినవీ అన్నీ మన్నించమని. ఇన్నేళ్ళలో ఆ మాటకు అర్థం తెలిసి అనడం అదే మొదలు.

"మన్నించాను" అంది అమ్మమ్మ ఆమె తల నిమురుతూ. "లే. ముక్కు తుడుచుకో. ఆ ముసుగుతో మాత్రం కాదు."

ఈసారి నాన్నే ముందు నవ్వాడు. గడియారం వద్దని వెనింగ్ ఆయనతో చెప్పేసింది. కొని తెచ్చిన దాన్ని పెట్టె విప్పకుండా బీరువాలో దాస్తాననీ, వచ్చే ఏడాది కూడా రంజాన్ వస్తుందనీ ఆయన అన్నాడు.

అమ్మమ్మ అరుగు మీది బుట్టను లోపలికి తెప్పించుకుంది. సుర్తికి కావాలంటే పిల్ల దుంపలు నాలుగు ఇద్దాం గానీ బుట్ట మాత్రం కదలడానికి వీల్లేదంది. దుంపలను ఒక్కొక్కటే తీసి నొక్కి చూస్తూ, పండగ వంటలు చల్లారిపోతున్నాయని అమ్మ పిలుస్తున్నా వినిపించుకోలేదు.

కాసేపటికి వెనింగ్ బల్ల దగ్గర నిలబడింది. కూజాలోంచి ఒక కాడ తీసుకోవచ్చా అని అడిగింది. ఎవరికని అమ్మమ్మ అడగలేదు. పొడుగ్గా ఉన్నది తీసుకెళ్ళమంది.

కర్సో తాత ఇంటి తలుపు తీసే ఉంది. నీళ్ళు నింపిన సీసా బల్ల మీద ఒంటరిగా ఉంది. వెనింగ్ కాడను అందులో పెట్టింది. పూల అవ్వ చెయ్యి బాగానే ఉందనీ, పూలు పోయింది తన వల్లేననీ ఆయనకు కూడా చెప్పింది. రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే ఏమీ తేలిక కాలేదు. ఆయన అంతా విని, నీళ్ళు తాగితే తాగావుగానీ ఆ తప్పును మొక్కల మీదికి నెట్టావన్నమాట అన్నాడు. తర్వాత చేతినిండా బిస్కెట్లు పెట్టి పంపాడు. అక్కడి నుంచి ఆమె పక్కింటికి వెళ్ళింది. వీధి చివరిదాకా వెళ్ళింది.

పండగ సందడి అణగాక దుంపలు నాటారు. అమ్మమ్మ ఎత్తు పీట మీద కూర్చుంది. మట్టి పని అంతా వెనింగ్ చేతులదే. మడి ఎత్తు చాల్లేదని అమ్మమ్మ రెండుసార్లు విప్పించి మళ్ళీ కట్టించింది. దానూ నీళ్ళు పోయే దారిలో కాగితం పడవ వదిలి, అది అవతలికి చేరిందని ప్రకటించాకే దుంపలు మట్టిలోకి వెళ్ళాయి.

కొన్ని వారాలకు పచ్చటి మొలకలు మట్టిని చీల్చుకుని పైకొచ్చాయి. వేలెడంత లేవు గానీ ఎంత నిటారుగా ఉన్నాయో. వెనింగ్ రోజూ నేల మీద బోర్లా పడుకుని వాటిని చూసేది. ఇంత చిన్న పచ్చ ముక్కలోంచి వీధంతా కమ్ముకునే వాసన ఎక్కడి నుంచి వస్తుందో ఆమెకు ఎప్పటికీ ఆశ్చర్యమే.

ఒకరోజు మధ్యాహ్నం స్కూలు నుంచి వచ్చేసరికి ఎండ మాడ్చేస్తోంది. మొలకలు వాడినట్టు కనిపించాయి. ఆమె గొంతు కూడా ఎండిపోయింది. సంచీ అరుగు మీద పడేసి గోలెం దగ్గరికి వెళ్ళింది. అరుగు మీద కుర్చీలో అమ్మమ్మ మెలకువగానే ఉంది, చూస్తూనే ఉంది.

వెనింగ్ చిప్ప ముంచింది. గుబుక్కుమంది. అమ్మమ్మ ఎదురుగానే గటగటా చిప్పెడు నీళ్ళూ తాగి, మూతి తుడుచుకుంది. మళ్ళీ నిండా ముంచుకుని మడి దగ్గరికి నడిచింది. చిప్పను ఒక చేత్తో పట్టుకునే వంగి, రెండో చేతి వేలిని మట్టిలోకి రెండో కణుపు దాకా దించింది. పైన వేడి. లోపల చల్లగా, మెత్తగా చెమ్మ తగిలింది.

పాపం అనిపించింది. అయినా లేచి, గోలెం దగ్గరికి వెనక్కి నడిచి, చిప్పలో నీళ్ళను మళ్ళీ గోలెంలోనే పోసేసింది.